ఉప్పు గాలిలో పాత హెచ్‌ఎఫ్ డీలక్స్: నాలుగేళ్ల వాడకం తర్వాత

పాత బండి కొంటున్నామని ఎవరైనా చెబితే అందరూ అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. నేను అడిగేది ఎక్కడ తిరిగిందని. మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ రెండో ప్రశ్నకే విలువ ఎక్కువ. సముద్రం పక్కన మూడేళ్లు తిరిగిన బండి కన్నా మెట్టలో ఏడేళ్లు తిరిగిన బండే నయం.

నాది ఆక్వా ల్యాబ్‌లో పని. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గరికెళ్లి నీళ్ల శాంపిళ్లు తెస్తుంటాను. గుంట గట్ల మీద ఉప్పు బురద, సున్నం, బ్లీచింగ్, పైన సముద్రపు గాలి. కొత్త బండి తీసుకెళ్లి ఇందులో తిప్పడం దండగని మొదటే అనుకున్నాను. 2021లో కరోనా రెండో వేవ్ తగ్గాక పాత బండి కోసం తిరిగి, పొదిలిలో ఒక హీరో హెచ్‌ఎఫ్ డీలక్స్ కొన్నాను. 2018 చివర్లో రిజిస్టరైన బీఎస్4 బండి (పొగ నిబంధనల్లో ఇప్పటి బీఎస్6కు ముందు మెట్టు), కార్బురేటర్, సెల్ఫ్ స్టార్ట్, అల్లాయ్ చక్రాలు. ఫస్ట్ పార్టీ, అంటే అమ్మేది మొదటి ఓనరే. ఆయన 42 వేలు అడిగాడు, 37 వేలకు తెగింది.

స్ప్లెండర్ ఎందుకు తీసుకోలేదని ఇప్పటికీ అడుగుతారు. స్ప్లెండర్ ప్లస్‌లో ఉన్న 97.2 సీసీ ఇంజనే హెచ్‌ఎఫ్ డీలక్స్‌లోనూ ఉంది. గేర్లు నాలుగే, ముందూ వెనకా అవే 130 ఎంఎం డ్రమ్ము బ్రేకులు. తేడా అంటే వెనక షాకబ్జర్లు స్ప్లెండర్‌కు ఐదు మెట్లు మార్చుకోవచ్చు, దీనికి రెండే. ట్యాంకు కొంచెం చిన్నది, సీటు కాస్త గట్టి. అదే సంవత్సరం, అదే కండిషన్ స్ప్లెండర్‌కు అప్పట్లో నాకు చెప్పిన ధరలన్నీ ఎనిమిది నుంచి పది వేలు ఎక్కువే. స్టిక్కర్‌కు పది వేలు పెట్టేంత డబ్బు నా దగ్గర లేదు.

పొదిలి దాకా వెళ్లే ముందు దగ్గర్లో చాలా బండ్లు చూశాను. మైపాడు దగ్గర ఒక స్ప్లెండర్ చూశాను. ట్యాంకు పాలిష్ కొట్టి తళతళలాడుతోంది. వంగి సెంటర్ స్టాండ్ బిగించిన చోట గోటితో గీకితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. పుల్లల చక్రాలు కావడంతో రిమ్ములోకి దిగే నిపుల్స్ తుప్పుతో బిగుసుకుపోయాయి. రిమ్ము బెండు తీయాలన్నా అవి తిరగవు, విరుగుతాయి. సైలెన్సర్ కింద వైపు చిన్న చిల్లు, దానికి ఎంసీల్ పెట్టి పైన నల్ల రంగు కొట్టారు.

చీమకుర్తి వైపు బండ్ల కథ వేరు. అక్కడ గ్రానైట్ క్వారీల దుమ్ము. తుప్పు కనపడదు, కానీ ఎయిర్ ఫిల్టర్ మూత విప్పితే లోపల బూడిద రంగు పొడి పేరుకుని ఉంటుంది. ఫిల్టర్ దాటి లోపలికి పోయిన దుమ్ము బోరును (పిస్టన్ ఆడే సిలిండర్‌ను), పిస్టన్ రింగులను అరగదీస్తుంది. అలాంటి బండి ఇప్పుడు బాగానే లాగినా ఏడాది తిరిగేసరికి పొగ మొదలవుతుంది. ఒంగోల్లో పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో చూపించిన బండి అచ్చం అలాంటిదే. మీటర్ 18 వేలు చూపిస్తోంది, బ్రేకు పెడల్ మీద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి, కిక్కర్ రబ్బరు చీలిపోయింది. ఈ బండ్లకు మీటర్ కేబుల్ ముందు చక్రం దగ్గర నుంచి వస్తుంది. కింద విప్పేస్తే బండి నడుస్తుంది, మీటర్ నడవదు. అందుకే అంకె చూసే ముందు పెడల్, ఫుట్‌రెస్టు రబ్బర్లు, హ్యాండిల్ గ్రిప్పులు, తాళంచెవి అరిగిన తీరు చూడాలి.

టైర్లు కూడా అబద్ధం చెప్పవు. టైరు పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2018 బండికి 18తో ముగిసే టైరే ఉండి, పట్టు సగం మిగిలి ఉంటే మీటర్ మాట కొంత నమ్మొచ్చు. మీటర్ పదిహేను వేలంటూ అప్పటికే రెండో జత టైర్లు పడి ఉంటే, ఎందుకని అడగాలి.

పొదిలి ఆయనకు మందుల షాపు. ఇంటికీ షాపుకీ మధ్య తిరిగిన బండి. ముందురోజు ఫోన్లో ఒకటే చెప్పాను, "అన్నా, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు". "ఏంది అబ్బయ్యా, పెళ్లిచూపులా?" అని నవ్వాడు గానీ మాట నిలబెట్టుకున్నాడు. నేను వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టాను, చల్లగా ఉంది. వేడెక్కిన ఇంజన్ సగం రోగాలు దాచేస్తుంది, కన్సల్టెన్సీల్లో మనం వెళ్లేసరికి బండి ఎప్పుడూ వేడిగానే ఎందుకుంటుందో దాన్నిబట్టి అర్థం చేసుకోండి.

సెల్ఫ్ ముట్టకుండా చోక్ వేసి కిక్కర్ కొట్టాను. కాలి కింద గట్టిగా తగిలింది, అంటే కంప్రెషన్ బాగుంది. కిక్కర్ మెత్తగా జారిపోతే బోరో, వాల్వులో అరిగాయని అనుమానించాలి. రెండో కిక్కుకు అందుకుంది. అప్పుడు సైలెన్సర్ దగ్గర కూర్చున్నాను. స్టార్ట్ అయిన క్షణంలో కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు పోయినట్టు. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడల్లా నీలం పొగ వస్తే రింగుల పని, అది పెద్ద ఖర్చు. నల్ల పొగ అయితే కార్బురేటర్ సెట్టింగు, భయపడక్కర్లేదు. పొద్దున్నే వచ్చే తెల్లటి ఆవిరి దేనికీ గుర్తు కాదు. నా బండికి ఆవిరి తప్ప ఏమీ లేదు. సైలెన్సర్ చివర వేలు పెట్టి చూస్తే పొడి మసి అంటింది, నూనె జిడ్డు లేదు.

ఇంజన్ ఎడమ వైపు చెవి పెడితే టైమింగ్ చైన్ చప్పుడు కొంచెం ఉంది. వాల్వులను నొక్కే టాపెట్ల చప్పుడు కూడా ఉంది. ఈ ఇంజన్లో టాపెట్లు సన్నగా టిక్‌టిక్ అంటే మంచిదే, అసలు చప్పుడే లేకపోతే మరీ బిగించి ఉంటారని మా మెకానిక్ చెబుతాడు. తర్వాత సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పాను. సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు పోయినట్టు. అది మాత్రం దొరికింది. దాని మీదే వెయ్యి తగ్గించాడు. వెనక చక్రం పట్టుకుని పక్కకు ఊపితే, ఆ చక్రాన్ని మోసే స్వింగార్మ్ బుష్షుల లూజు తెలుస్తుంది, అది బాగుంది. ముందు ఫోర్కుల మీద నూనె చార లేదు.

ఇక కాగితాలు. సీ బుక్కులో (ఆర్‌సీలో) ఉన్న ఛాసిస్ నంబరు, హ్యాండిల్ కింద మెడ దగ్గర కొట్టిన నంబరు అంకె అంకె సరిచూసుకోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలు, ఫైనాన్స్ ఉందా లేదా తెలుస్తుంది. ఈయన లోన్ ఎప్పుడో కట్టేశాడు, సీ బుక్కులో మాత్రం ఫైనాన్స్ పేరు అలాగే ఉంది. "డబ్బు కట్టేశా కదా, ఇంకేంది?" అన్నాడు. అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, వాళ్ల పేరు తీసేయమనే ఫారం 35 ఇస్తేగానీ ఆ పేరు పోదు, అది పోకుండా నా పేరు మీదికి బండి రాదు. పది వేలు అడ్వాన్సు ఇచ్చి, అది తీయించాకే మిగతాది ఇచ్చాను. ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. ఏపీ 27, మా రాష్ట్రం నంబరే కాబట్టి నంబరు మార్చే పని లేదు, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టే పనీ లేదు. 2018 సెప్టెంబరు నుంచి అమ్మిన కొత్త బండ్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి చేశారు కదా, అందువల్ల నాకు ఇంకా రెండేళ్ల పాలసీ కలిసొచ్చింది. అయితే బండి చేతులు మారిన 14 రోజుల్లో పాలసీలో పేరు మార్చమని రాసివ్వాలి, అది చాలామంది చేయరు.

అమ్మేవాళ్లు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి చేతులు దులుపుకోవడం మన దగ్గర మామూలే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఆర్టీఏ రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వాళ్లదేనని. ఈ ముక్క చెబితే ట్రాన్స్‌ఫర్ విషయంలో కొనేవాడి కన్నా అమ్మేవాడే తొందరపడతాడు.

వాడకంలో ఇంజన్ నన్ను ఏడిపించలేదు. ఈ ఇంజన్‌కు కార్లలోలా కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక జల్లెడ, గిర్రున తిరుగుతూ చెత్తను అంచుకు నెట్టే రోటర్, అంతే. కాబట్టి ఆయిల్ మార్చడమే దీనికి మందు. 10డబ్ల్యూ30 ఆయిల్ 900 ఎంఎల్ బాటిల్ ఒకటి సరిపోతుంది. నేను రెండున్నర వేల కిలోమీటర్లకోసారి మార్చేస్తాను. ఇంతవరకు ఇంజన్ దించలేదు. క్లచ్ ప్లేట్లు ఒకసారి పడ్డాయి, గుంట గట్ల మీద ఫస్ట్ గేర్లో సగం క్లచ్ పట్టుకుని నడిపితే ఎవరి బండికైనా పడతాయి. మైలేజీ మొదట్లో 65 దాకా ఇచ్చేది, ఇప్పుడు 60 దగ్గర ఆడుతోంది. వయసు కొంత, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కొంత. 2018 బండి ఆ పెట్రోలు కోసం తయారైంది కాదు. పెట్రోలు పైపు గట్టిపడి పగిలితే మార్పించాను. వానల్లో ట్యాంకు నిండుగా ఉంచుతాను, ఖాళీ ట్యాంకులో చెమ్మ పట్టి నీళ్లు దిగుతాయి. బండి ముక్కుతూ నడిస్తే కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి చిన్న సీసాలో పట్టి చూస్తాను. పెట్రోలు కింద నీళ్లు విడిగా గోళీల్లా కదలడం కనిపిస్తుంది.

ఉప్పు సంగతి. సాయంత్రం ఇంటికి రాగానే మంచినీళ్లతో కింది భాగం కడగడం తప్పదు. ప్రెషర్ వాటర్ అక్కర్లేదు, అది బేరింగుల్లోకి నీళ్లు తోస్తుంది, బకెట్టు, మగ్గు చాలు. అక్టోబరు వానలకు ముందు స్టాండు, స్వింగార్మ్, మడ్‌గార్డ్ లోపలి వైపు పాత ఇంజన్ ఆయిల్ గుడ్డతో రాస్తాను. బ్రేకు డ్రమ్ముల దగ్గర మాత్రం రాయకూడదు. ఈ బండికి చైన్ మొత్తం కవర్ లోపల ఉండటం మా ప్రాంతానికి పెద్ద వరం, చైన్ బయటికి కనపడే బండ్లు ఇక్కడ ఏడాదికే కిర్రుమంటాయి. ఇంత చేసినా సైలెన్సర్ మూడో ఏడు కింద చిల్లుపడింది, కంపెనీది కాకుండా బయటిది వేయించాను. చప్పుడు కొంచెం పెరిగింది. మా వీధి కుక్కలకు తప్ప ఎవరికీ అభ్యంతరం లేదు.

నచ్చనివీ ఉన్నాయి. హెడ్‌లైట్ 35 వాట్ల బల్బు, వేగం తగ్గితే వెలుగూ తగ్గుతుంది. కరెంటు స్తంభాల్లేని గుంట గట్ల మీద రాత్రి వెళ్లాలంటే తలకు టార్చి కట్టుకుంటాను. హైవే మీద 60 దాటితే హ్యాండిల్ వణుకుతుంది, కృష్ణపట్నం పోర్టు లారీ పక్కనుంచి దూసుకుపోతే ఈ తేలిక బండి పక్కకు జరుగుతుంది, టెన్షనే. డ్రమ్ము బ్రేకులు ఒక్కడున్నప్పుడు సరే, వెనక మనిషీ శాంపిల్ పెట్టె ఉంటే ముందే ఆలోచించి పట్టుకోవాలి. ఒంగోలు, చెన్నై తరచూ తిరిగేవాళ్లు దీని జోలికి రాకండి, 125 సీసీ చూసుకోండి. ఊరి చుట్టూ యాభై అరవై కిలోమీటర్లు తిరిగే పనైతే ఇంతకన్నా చవకగా నడిచేది నాకు తెలీదు.

కొనేవాళ్లకు ఇంకొకటి. 2020 నుంచి వచ్చిన బీఎస్6 హెచ్‌ఎఫ్ డీలక్స్‌కు కార్బురేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్. చలికి చోక్ లాగే పని ఉండదు, పికప్ సాఫీగా ఉంటుంది. కానీ గుంటల దగ్గర సెన్సర్ ప్లగ్గుల్లో ఉప్పు పేరుకుంటే పల్లెటూరి మెకానిక్ చేతులెత్తేస్తాడు, స్కానర్ ఉన్న షెడ్డు కోసం నెల్లూరు రావాలి. టౌనులోనే తిరిగేవాళ్లు బీఎస్6 తీసుకోండి. నా లాంటి పనైతే కార్బురేటర్ బండే మేలు, స్క్రూడ్రైవర్ ఒకటుంటే గట్టు మీదే బాగుచేసుకోవచ్చు.

ఈ మధ్య పొదలకూరు రోడ్డులో ఒకతను 24 వేలకు అడిగాడు. ఇవ్వనన్నాను. చైన్ సెట్టు కొత్తది వేయించాలి, కోన్ సెట్టు మళ్లీ గాడి పడింది. రెండూ కలిపి లేబరుతో రెండు వేల చిల్లర అవుతుందన్నాడు మెకానిక్, వానలు ఆగాక చేయిస్తాను.