ఆరు ఆదివారాల మూట్ కోర్టు శిక్షణ: నా అనుభవం

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆఖరి సంవత్సరంలో ఉండగా, హైదరాబాదులో కొందరు న్యాయవాదులు కలిసి నడుపుతున్న మూట్ కోర్టు (కల్పిత కేసు మీద కోర్టులో లాగే వాదించే సాధన) శిక్షణలో ఆరు ఆదివారాల పాటు పాల్గొన్నాను. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థీ మూడు మూట్‌లు చేయాలి. ఒక్కోదానికి 10 మార్కులు, అందులో సగం మెమోరియల్‌కు (అంటే రాతపూర్వక వాదనకు), సగం మౌఖిక వాదనకు. మా కళాశాలలో ఆ మూడింటినీ ఒకే మధ్యాహ్నం మనిషికి ఐదు నిమిషాల చొప్పున పూర్తి చేయించడంతో, వాదన అంటే రాసుకున్నది అప్పజెప్పడమేనన్న అభిప్రాయంతోనే నేను ఈ శిక్షణకు వెళ్లాను.

ఆ అభిప్రాయం రెండో ఆదివారమే పోయింది. పోలీసులు ఒక యువకుణ్ణి రోడ్డు మీద ఆపి అతని ఫోను తెరిపించి చూడడం మాకిచ్చిన సమస్య. యువకుడి పక్షాన నేను, గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో ఇచ్చిన పుట్టస్వామి తీర్పును ఉదహరించి ఒక వాక్యం చదవగానే, జడ్జి స్థానంలో ఉన్న సీనియర్ న్యాయవాది, "ఆ తీర్పులో ఎన్ని అభిప్రాయాలు ఉన్నాయమ్మా? మీరు చదివింది ఎవరిది?" అని అడిగారు. తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పని తెలుసు గానీ, అందులో ఆరు వేర్వేరు అభిప్రాయాలున్నాయని నాకు తెలియదు. "ఆ అంశానికి తరువాత వస్తాను" అన్నాను. ఆయన వాదన ఆపించి, "జడ్జి అడిగినప్పుడే జవాబు చెప్పాలి. తెలియకపోతే తెలియదని ఒప్పుకుని, చూసి చెప్పడానికి అనుమతి కోరండి" అన్నారు. మరుసటి వారం మళ్లీ అదే ప్రశ్న వేశారు. ఈసారి నా దగ్గర పేరా నంబర్లతో సహా ఆరు అభిప్రాయాలూ ఉన్నాయి. గోప్యత హక్కును గుర్తించని 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పును ఇచ్చింది ఎనిమిది మంది ధర్మాసనం కాబట్టే, దాన్ని పునఃపరిశీలించడానికి గోప్యత ప్రశ్న తొమ్మిది మంది ముందుకు వెళ్లవలసి వచ్చిందని కూడా చెప్పగలిగాను. కట్టిన రుసుముకు ఈ రెండు ఆదివారాలే చాలుననిపించింది.

మెమోరియల్ విషయంలో మాత్రం నిరాశ తప్పలేదు. రెండు రాత్రులు కూర్చుని రాసిన ఇరవై పేజీలు మూడు వారాల తరువాత తిరిగి వచ్చాయి. చివరి పేజీలో "బాగుంది" అన్న ఒక్క మాట తప్ప ఎక్కడా దిద్దుబాటు లేదు. అంతకన్నా పెద్ద లోటు, సాధన అంతా ఇంగ్లీషులో, రాజ్యాంగ ప్రశ్నల మీదే సాగడం. జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు చేయబోయే మాలాంటి వారికి తెలుగులో సాక్ష్యం చెప్పే రైతును ఎలా క్రాస్ చేయాలో (ఎదుటి పక్షం సాక్షిగా ప్రశ్నించాలో), చీఫ్‌లో (తమ సాక్షిని తామే ప్రశ్నించేటప్పుడు) ఎదుటి న్యాయవాది లీడింగ్ ప్రశ్న (జవాబును సూచించే ప్రశ్న) వేస్తే అభ్యంతరం ఎలా లేవనెత్తాలో తెలియాలి. దానికి కేటాయించింది ఒక్క గంట.

బెంచి ముందు తడబాటు పోవాలనుకునేవారు నిస్సంకోచంగా చేరవచ్చు. అయితే రుసుము కట్టేముందు మెమోరియల్ ఎవరు దిద్దుతారో, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అడిగి తెలుసుకోవాలి.