పాత షెవీ కె20కి హంవీ చక్రాలు: చాలాకాలం వాడిన మీదట

అమెరికా సైన్యం వాడి పక్కన పెట్టిన హంవీ చక్రాలు మిలిటరీ సర్‌ప్లస్ వేలాల్లో చవగ్గా దొరుకుతాయి. టైరు ఎత్తు 37 అంగుళాలు, వెడల్పు 12.5, రిమ్ 16.5, లోపల రబ్బరు రన్‌ఫ్లాట్ (గాలి పోయినా బండిని మోసే గట్టి కట్ట). ఎనిమిది బోల్టులు, అవి కూర్చునే వృత్తం 6.5 అంగుళాలు. 1973-87 మధ్య వచ్చిన షెవర్లే (షెవీ) 4x4 పికప్‌లు కె20, కె30లదీ అదే కొలత. అదే తరం ఫోర్డ్ ఎఫ్-250, డాడ్జ్ డబ్ల్యూ250లదీ అంతే. బోల్టులు కలిశాయి కదా, ఇక బిగించేయడమే అనుకుంటారు చాలామంది. ఈ పనిలో అన్నిటికన్నా తేలికైనది అదొక్కటే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. బురద, రాళ్లు, పొలం దారులు, నెమ్మదిగా బరువులాగే పనులు అయితే ఈ డబ్బుకి ఇంతకన్నా గట్టి చక్రం దొరకదు. రోజూ హైవే మీద ఆఫీసుకి వెళ్లే బండికైతే వద్దు. టైర్ల మీద మిగిలిన డబ్బంతా గేరు, స్టీరింగు, స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే దిమ్మలు) తినేస్తాయి.

కొనేటప్పుడు ముందు రిమ్ చూడండి. ఇవి రెండు ముక్కల రిమ్‌లు, నట్లతో కలిపి బిగించి ఉంటాయి. పాతవాటికి 12 నట్లు, కవచం వేసిన బరువైన హంవీల కోసం వచ్చినవాటికి 24. వీలైతే 24 నట్లవే తీసుకోండి. టైరు పక్కగోడ మీద అచ్చయిన డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారీ తేదీ: 3208 అంటే 2008లో 32వ వారం. గొట్లు (టైరు పైన రోడ్డుని పట్టే దిమ్మలు) నిండుగా ఉన్నాయని మోసపోవద్దు. డిపోలో ఏళ్లతరబడి కదలకుండా నిలిచిన బండి టైరు ఒకచోట చదునైపోతుంది, అది ఎంత నడిపినా పూర్తిగా పోదు. గొట్ల అంచుకి, పక్కగోడకి మధ్య వేలితో వంచి చూస్తే పగుళ్లు తెరుచుకుంటాయి. అలాంటి టైరు ఊరికే ఇచ్చినా వద్దు.

విప్పేటప్పుడు ప్రాణాలు పోయే చోటు ఒకటుంది. టైరులో గాలి ఉండగా రిమ్ ముక్కల్ని కలిపే నట్లు వదులు చేస్తే ఆ ముక్క తుపాకీ గుండులా లేచివస్తుంది. ముందు వాల్వు పిన్ను పూర్తిగా తీసేయాలి. తర్వాత సన్నని తీగ వాల్వులోకి దూర్చి దారి మూసుకుపోలేదని చూడాలి. తుప్పు, మట్టి అడ్డుపడి గాలి లోపలే నిలిచిపోయే అవకాశం ఉంది. ఆ తర్వాతే పానా పట్టాలి.

రెండు ముక్కల మధ్య గాలి పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగు ఉంటుంది. పాతది మళ్లీ వాడొద్దు. అది కూర్చునే గాడిలో పెయింటు పెచ్చులు, తుప్పు ఉంటే ఎంత బిగించినా రోజుకింత గాలి దిగుతూనే ఉంటుంది. వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, సన్నగా రబ్బరు లూబ్రికెంట్ రాసి కూర్చోబెట్టాలి. నట్లు ఎదురెదురుగా, విడతలవారీగా టార్క్ రెంచితోనే బిగించాలి. వరస, అంకెలు సైన్యం టీఎం 9-2320-280 మాన్యువల్స్‌లో ఉన్నాయి. ఇంపాక్ట్ గన్‌తో ఒకే ఊపులో బిగిస్తే ఓ-రింగు ఒకపక్క నలుగుతుంది. గాలి కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టి, పొడవాటి గొట్టంతో దూరంగా నిలబడండి.

రన్‌ఫ్లాట్‌ని బరువని తీసి పారేసేవాళ్లు ఎక్కువ. నేను ఉంచమంటాను. రిమ్ ముక్కలు బిగిసినప్పుడు ఆ రబ్బరు కట్ట టైరు బీడ్‌లు (రిమ్ మీద కూర్చునే అంచులు) రెంటినీ లోపలినుంచి అంచులకి అదిమి పట్టుకుంటుంది. అంటే విడిగా డబ్బు పెట్టకుండానే బీడ్‌ని కదలనివ్వని బీడ్‌లాక్ వచ్చినట్టు. ఇసుకలో, బురదలో గాలి ఒత్తిడి 12 పీఎస్‌ఐకి దించినా టైరు రిమ్ మీద తిరగదు, ఊడదు. తీసేస్తే ఆ పట్టు పోతుంది. దాని బదులు పీవీసీ పైపు ముక్కలు కోసి పెట్టేవాళ్లున్నారు, నాకు నమ్మకం లేదు. రన్‌ఫ్లాట్‌ని కొత్త టైరులోకి ఎక్కించాలంటే రాచెట్ బెల్టుతో మధ్యలో నొక్కి జీడిపిక్క ఆకారంలోకి వంచి దూర్చాలి. ఇద్దరు మనుషుల పని.

ఇక అసలు తలనొప్పి బ్యాక్‌స్పేసింగ్, అంటే చక్రాన్ని హబ్‌కి బిగించే ముఖం నుంచి రిమ్ లోపలి అంచుదాకా ఉన్న దూరం. హంవీ చక్రానికి అది 7 అంగుళాలు. అంటే రిమ్ దాదాపు మొత్తం బండి లోపలివైపే ఉంటుంది. కె20 ముందు భాగంలో అలాగే బిగిస్తే టైరు కమాన్ పట్టీలకి, టై రాడ్ చివరలకి రాసుకుంటుంది, స్టీరింగు సగం కూడా తిరగదు. బిగించే ముఖం బయటి అంచుకి దగ్గరగా ఉండటంతో లాకింగ్ హబ్ (ముందు చక్రాన్ని 4x4కి కలిపే మూత) టైరు దాటి బయటికి పొడుచుకొస్తుంది. మొదటి రాయికే పగులుతుంది. చక్రం మధ్య రంధ్రం హబ్ మీద పడుతుందో లేదో కూడా ముందే కొలిచి చూసుకోండి, కొన్నిటికి లేత్ మీద పెద్దది చేయాల్సి వస్తుంది.

దారులు రెండు. ఒకటి 2 అంగుళాల స్పేసరు, దాంతో బ్యాక్‌స్పేసింగ్ 5 అంగుళాలకి వస్తుంది. హబ్ మీద గట్టిగా కూర్చునే రకమే కొనండి, కేవలం స్టడ్‌ల మీద వేలాడేది వద్దు. మొదటి 50-100 మైళ్ల తర్వాత చక్రం తీసి, లోపలి నట్లు మళ్లీ టార్క్ చేయాలి. ఈ ఒక్క పని బద్ధకించిన బండ్లకే స్టడ్‌లు తెగుతాయి. రెండోది రిమ్ మధ్య పళ్లేన్ని కోసి జరిపి మళ్లీ వెల్డు చేయించడం. పనివాడు మంచివాడైతే ఇదే మేలు. అయితే వెల్డింగు అయ్యాక డయల్ గేజి పెట్టి తిప్పి చూడాలి. ఊపు 1 మిల్లీమీటరు దాటితే వెనక్కి ఇచ్చేయండి. నట్ల విషయానికొస్తే, హంవీవి వాడకుండా మీ స్టడ్ మీది మరలకీ (థ్రెడ్), రంధ్రం అంచు వాలుకీ రెంటికీ సరిపడేవి తీసుకోవాలి.

ఎత్తు సంగతి చిన్నదే: బండిని పైకెత్తే 6 అంగుళాల లిఫ్టు, ముందు ఫెండర్ అంచు కొంచెం కోత. స్టీరింగు స్టాప్ బోల్టులు కాస్త బయటికి తిప్పుకుంటే టైరు కమాన్‌కి తగలదు.

ఈ తరం షెవీ 4x4లకి పుట్టుకతో ఒక జబ్బుంది. స్టీరింగు బాక్సు బిగించిన చోట ఛాసిస్ రేకు పగులుతుంది. మామూలు టైర్లతోనే పగిలేది, 37లు వేస్తే ఆగుతుందా? ఇంజను ఆన్‌లో పెట్టి, బండి కదలకుండా ఒకరు స్టీరింగు అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు టార్చి వేసి బాక్సు బోల్టుల చుట్టూ చూడండి. పగులు ఉంటే పెయింటు మీద వెంట్రుక సన్నటి తుప్పు గీత కనిపిస్తుంది, స్టీరింగుతో పాటు అది తెరుచుకుని మూసుకుంటుంది. పగులు చివర చిన్న రంధ్రం వేసి, వెల్డు చేసి, పైన బలాన్నిచ్చే ప్లేటు వేయించాకే ఈ చక్రాలు ఎక్కించాలి. ఈ వరస తిరగేస్తే పని రెండుసార్లు.

గేరు లెక్క ఇది. మామూలు 235/85ఆర్16 టైరు ఎత్తు సుమారు 31.7 అంగుళాలు. 37 వేస్తే స్పీడోమీటరు 60 చూపించినప్పుడు అసలు వేగం 70 మైళ్లు. ఇరుసు గేరు రేషియో 4.10 ఉన్న బండి 3.5 ఉన్నట్టు ఈడుస్తుంది. పాత లాగుడు తిరిగి రావాలంటే 4.88 కావాలి, 3.73 ఉన్న బండికి 4.56 కాస్త ఎక్కువే అయినా బాగుంటుంది. ముందు, వెనక రెండూ మార్చాలి కాబట్టి ఖర్చు టైర్లని మించిపోతుంది. ఇదే తరం సైనిక పికప్ ఎం1008 కొన్నవాళ్లు అదృష్టవంతులు, దానికి ఫ్యాక్టరీ నుంచే 4.56 ఉంటుంది.

గాలి ఎంత పెట్టాలన్నది సుద్దముక్కతో తేల్చుకోండి. గొట్ల మీద అడ్డంగా గీత గీసి, తిన్నని రోడ్డు మీద కొంతదూరం నడపాలి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో చెరిగితే తక్కువ. ఖాళీ కె20కి ముందు 30, వెనక 24 పీఎస్‌ఐ దగ్గర సమంగా చెరుగుతుంది. బ్యాలెన్సింగ్ మాత్రం పూర్తిగా కుదరదు. 45 మైళ్ల లోపు హాయిగా ఉంటుంది, 60 దాటితే స్టీరింగు వణుకు, గొట్ల హోరు రెండూ భరించాలి. తడి రోడ్డు మీద బ్రేకు దూరం బాగా పెరుగుతుంది. రబ్బరు గట్టిది, పైగా పాతది. వెనక డ్రమ్ములకి ఇంత బరువైన చక్రాన్ని ఆపడం కష్టమే.

కొన్ని కె20లకి ఫ్యాక్టరీ నుంచే 16.5 రిమ్‌లు వచ్చాయి కదా, సర్‌ప్లస్ టైరు ఒక్కటే కొని వాటికి ఎక్కిస్తే సరిపోదా అని అడుగుతుంటారు. ఆ రిమ్‌ల వెడల్పు 6 లేదా 6.75 అంగుళాలు, ఈ టైరుకి చాలదు. 8.25 వెడల్పువి దొరికినా, ఒకే ముక్క 16.5 రిమ్‌కి బీడ్‌ని ఆపే గట్టు ఉండదు కాబట్టి గాలి దించిన మరుక్షణం ఊడిపోతుంది. ఇక 16 అంగుళాల టైరుని 16.5 రిమ్‌కి ఎక్కించే ప్రయత్నం పొరపాటున కూడా చేయొద్దు, బీడ్ కూర్చోక పేలుతుంది.

ఇండియాలో ఇలాంటి పని గురించి అడిగేవాళ్లకి ఒక్కమాట: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన కొలతలకి భిన్నంగా మార్పులు చేయనివ్వదు. అక్కడ ఈ ఊసే వద్దు.

స్టెప్నీ బండి కింద పట్టదు, వెనక తొట్టిలోనే పడుకోబెట్టి గొలుసుతో కట్టాలి. పాత జాకీ కూడా ఈ ఎత్తుకి అందదు. 48 అంగుళాల ఫార్మ్ జాక్, కింద వేయడానికి మందపాటి చెక్కపలక ఎప్పుడూ బండిలోనే ఉంచుకోండి.