టెస్ట్‌డిస్కా, ఫోటోరెక్కా?

అనంతపురంలో స్టూడియో నడిపే మిత్రుడి లినక్స్ డిస్కులో పెళ్లి ఫోటోలున్న పార్టిషన్ ఉన్నట్టుండి మాయమైంది. ఇలాంటప్పుడు దారులు రెండు: టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే డేటా రికవరీ ప్రోగ్రాములు. రెండూ ఉచితమే.

పార్టిషన్ టేబుల్ (డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) మాత్రమే చెడితే టెస్ట్‌డిస్క్‌కు సాటి లేదు. పార్టిషన్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వెతికి పట్టుకుంటుంది. 'పి' నొక్కితే లోపలి ఫైళ్లు కనిపిస్తాయి. పేర్లు సరిగ్గా ఉంటేనే 'రైట్' (Write) కొట్టాలి. ఫోల్డర్లు, తేదీలతో సహా అన్నీ తిరిగొస్తాయి. లినక్స్‌లో వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) ముఖ్య వివరాలుండే సూపర్‌బ్లాక్ పాడైనా కంగారొద్దు, నకళ్లు వేరే చోట్ల ఉంటాయి. 4 కేబీ బ్లాకులైతే మొదటి నకలు సాధారణంగా 32768వ బ్లాకులో.

ఫోటోరెక్ ఫైల్ సిస్టమ్ జోలికే పోదు. జేపెగ్ ఫైలు 'ఎఫ్ఎఫ్ డీ8' అనే బైట్లతో మొదలవుతుంది కదా, అలాంటి గుర్తులను బట్టి ఏరుతుంది. ఫైల్ సిస్టమ్ బాగా దెబ్బతిన్నా పనిచేస్తుంది కానీ పేర్లు, ఫోల్డర్లు పోతాయి. ఏ ఫోటో ఏ పెళ్లిదో విడదీయడం పెద్ద తలనొప్పి. ముక్కలుగా చెదిరిన పెద్ద వీడియోలైతే సరిగ్గా రాకపోవచ్చు కూడా. అందుకే నా ఓటు ముందు టెస్ట్‌డిస్క్‌కే.

డిస్కు చదవడంలోనే ఎర్రర్లు వస్తుంటే మాత్రం ముందు డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాముతో వేరే డిస్కులోకి ఇమేజ్ (డిస్కు మొత్తానికి నకలు) తీసి, దాని మీదే పనిచేయండి. ఏరిన ఫైళ్లను పాత పార్టిషన్‌లోకి అస్సలు రాయకండి.