ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ50: పాత ఫిల్మ్ రీలు రంగుల కోసం ఈ కెమెరా కొనొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. ఈ డిజిటల్ కెమెరాలో పాత ఫిల్మ్ రీళ్ల రంగులను పోలిన సెట్టింగులు ముందే ఉంటాయి, కాకపోతే ఆ రంగులు మన ఎండలో, మన ఒంటి ఛాయల మీద ఎలా పడతాయో తెలుసుకుని కొనాలి. నెట్‌లో కనిపించే శాంపిల్ ఫొటోలు చాలావరకు మబ్బు పట్టిన రోజున, చల్లటి దేశాల వీధుల్లో తీసినవి. వాటిని చూసి మే నెలలో విజయవాడ మిట్టమధ్యాహ్నం కూడా అలాగే వస్తుందనుకుంటే రాదు.

ఈ కెమెరా 2024 మేలో వచ్చింది. 40.2 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సైజు సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్), బాడీలోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు), బ్యాటరీ, కార్డు కలిపి 438 గ్రాములు. వీటి గురించి మిగతా రివ్యూల్లో కావలసినంత ఉంది కాబట్టి వదిలేస్తున్నా. నాకు అసలు విషయం పైన ఎడమవైపు ఉన్న డయల్. దీని ముందు మోడల్స్‌లో ఆ చోట సింగిల్ షాట్, బర్స్ట్ (వరసగా చాలా ఫొటోలు) లాంటివి మార్చే డయల్ ఉండేది. ఇందులో దాన్ని తీసేసి ఫిల్మ్ సిమ్యులేషన్ డయల్, అంటే ఫిల్మ్ రంగుల తీరులు మార్చే డయల్ పెట్టారు. తిప్పితే ప్రోవియా, వెల్వియా, ఆస్టియా, క్లాసిక్ క్రోమ్, రియాలా ఏస్ ఇలా మారిపోతుంటాయి, మనకు నచ్చినవి పెట్టుకోవడానికి ఎఫ్‌ఎస్1, 2, 3 అని మూడు చోట్లు వదిలారు. కెమెరాలో మొత్తం సిమ్యులేషన్లు 20.

చిన్న మార్పే, మెనూలోకి వెళ్లి మార్చుకునే పనికి ఇంత హడావిడి ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. వాడితే తెలుస్తుంది. రంగు ముందే ఎంచుకుని, వ్యూఫైండర్‌లో అదే రంగులో చూస్తూ ఫ్రేమ్ పెడితే తీసే ఫొటోయే వేరేగా వస్తుంది. నలుపు తెలుపులో చూస్తున్నప్పుడు కళ్లు వెలుతురు ఎటు పడుతోందో వెతుకుతాయి, వెల్వియాలో చూస్తున్నప్పుడు రంగు ఎక్కడుందో వెతుకుతాయి. పాతరోజుల్లో కెమెరాలో ఒక రీలు వేస్తే 36 ఫొటోలూ దాని రంగుల్లోనే తీయాలి కదా, ఆ కట్టుబాటే ఫొటోగ్రాఫర్ల చూపును పదునుపెట్టింది అని నా నమ్మకం. తీసి ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో ఒక్కో ఫొటోకి పది ప్రీసెట్లు (రెడీమేడ్ రంగు సెట్టింగులు) వేసి చూసుకునే పద్ధతిలో ఆ చూపు రాదు.

అసలు ఫిల్మ్ లుక్ అంటే ఏంటో కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి చుక్కలు) వేసి, రంగులు కాస్త వెలిసిపోయినట్టు చేసేస్తే అదే ఫిల్మ్ లుక్ అనుకుంటున్నారు చాలామంది. మన ఇళ్లలో ఉండే కలర్ నెగటివ్ ఫిల్మ్‌లో వెలుతురు ఎక్కువైనచోట తెల్లదనం మెల్లగా, వంపు తిరుగుతూ చేరుతుంది. డిజిటల్ సెన్సర్ ఒక హద్దు దాకా ఒకే తీరులో నింపుకుంటూ వెళ్లి, అక్కడ ఒక్కసారిగా ఆగిపోతుంది. అందుకే తెల్ల చొక్కా, సున్నం వేసిన గోడ, నుదుటి మీద చెమట మెరుపు డిజిటల్‌లో కోసినట్టు కనిపిస్తాయి. రెండో సంగతి వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుగును తెలుపుగా లెక్కపెట్టాలో చెప్పే సెట్టింగ్. మామూలు కలర్ ఫిల్మ్ పగటి వెలుగుకు, అంటే వెలుగు రంగు లెక్కలో దాదాపు 5500 కెల్విన్‌కు తయారైంది. బల్బు వెలుగులో నారింజ రంగొచ్చేది, ట్యూబ్‌లైట్ కింద పచ్చదనం వచ్చేది, ల్యాబ్‌వాళ్లు ప్రింట్ వేసేటప్పుడు కొంత సరిచేసేవాళ్లు. ఆటో వైట్ బ్యాలెన్స్ పెట్టి సాయంత్రపు ఎండ తీస్తే కెమెరా ఆ బంగారు రంగును తప్పు అనుకుని చల్లబరిచేస్తుంది. ఎక్స్-టీ50లో వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్‌లో పెట్టి వదిలేయండి, ఫిల్మ్ లుక్‌లో సగం అక్కడే వచ్చేస్తుంది. ఇది ఏ కెమెరాలోనైనా పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు.

ఫోన్ ఆప్‌ల ఫిల్మ్ ఫిల్టర్లు నాకు ఎందుకు ఆనవో కూడా ఇక్కడే చెప్పాలి. ఫోన్ అప్పటికే వేరువేరు వెలుతురులో తీసిన నాలుగైదు ఎక్స్‌పోజర్లు కలిపి నీడలన్నీ లేపేసి ఉంటుంది. నీడ అనేదే లేని ఫొటో మీద గ్రెయిన్ చల్లితే అది అతికించినట్టే ఉంటుంది.

ఇక ఈ సిమ్యులేషన్లలో నాకు బాగా ఇష్టమైంది క్లాసిక్ నెగ్. 2019లో ఎక్స్-ప్రో3తో వచ్చింది, సుపీరియా అనే ఫిల్మ్ ఆధారంగా చేశామని కంపెనీయే చెప్పింది. సుపీరియా అంటే ప్రొఫెషనల్స్ వాడే ఖరీదైన సరుకు కాదు, పుట్టినరోజులకీ తిరుపతి ప్రయాణాలకీ మామూలు జనం కొనుక్కునే రకం. 2000 ప్రాంతంలో రీలు కడిగించి ప్రింట్లు వేయించుకున్న ఇంటి ఆల్బమ్ ఒకటి తెరిచి చూడండి, కొడాక్ కావచ్చు, కోనికా కావచ్చు, ఫ్యూజీ కావచ్చు, వాటన్నిటిలో ఒక పోలిక ఉంటుంది. వెలుగున్న చోట కొంచెం వెచ్చగా, నీడల్లో కొంచెం చల్లగా, ఆకుపచ్చ కాస్త మసకగా. క్లాసిక్ నెగ్ చేసేది సరిగ్గా అదే, వెలుతురును బట్టి రంగు తీరు మారుతుంది, మొత్తం ఫొటోకి ఒకే రంగు పూత పూయదు. మన తరానికి అది చూడగానే గుండెలో ఏదో కదులుతుంది, అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. అయితే ఆ ఆల్బమ్‌లు అసలు చూడని ఇరవై ఏళ్ల పిల్లలకూ ఇదే నచ్చుతోంది కదా. కారణం జ్ఞాపకం ఒక్కటే అయ్యుంటే వాళ్లకు నచ్చకూడదు. ఏ నీడ ఏ రంగులో ఉండాలో, ఆకుపచ్చ ఎంత తగ్గాలో ఏళ్ల తరబడి కూర్చుని తేల్చినవాళ్ల పనితనం అందులో ఉంది. ఈ కంపెనీ 1934లో మొదలైందే ఫిల్మ్ తయారీతో. వెల్వియా స్లైడ్ ఫిల్మ్ (నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే ఫిల్మ్) 1990లో తెచ్చింది, సినిమాలకు ఎటెర్నా అనే ఫిల్మ్ అమ్మింది, 2013లో సినిమా ఫిల్మ్ తయారీ ఆపేసింది, ఆ పేరు మాత్రం ఇప్పుడు ఈ డిజిటల్ కెమెరాలో బతికుంది.

ఇప్పుడు చామనఛాయ సంగతి. ఫిల్మ్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్లు దీని ఊసు ఎత్తరు గానీ, ఒకప్పుడు ల్యాబుల్లో రంగులు సరిచూడటానికి షర్లీ కార్డు అని ఒక తెల్లజాతి అమ్మాయి ఫొటో వాడేవాళ్లు. ఆమె ఒంటి రంగు సరిగ్గా వస్తే అంతా సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లటి, గోధుమ రంగు ముఖాలు మట్టిముద్దల్లా వచ్చినా చాలాకాలం ఎవరికీ పట్టలేదు. అందుకే పాత ఫిల్మ్ రంగులు కాబట్టి గొప్పవి అనే మాట నేను ఒప్పుకోను, మన ముఖాల మీద వేసి చూసి తేల్చుకోవాలి. వెల్వియా మన ఒంటి రంగును ఎర్రగా కాల్చినట్టు చేస్తుంది, మనుషుల ఫొటోలకు దాన్ని ముట్టుకోవద్దు. క్లాసిక్ క్రోమ్ వీధులకు, పాత గోడలకు అద్భుతం, ముఖాలకు మాత్రం జీవం తీసేసినట్టు ఉంటుంది, ముఖ్యంగా నీడలో. ఆస్టియా, ప్రో నెగ్ స్టాండర్డ్ రెండూ చామనఛాయకు న్యాయం చేస్తాయి. రియాలా ఏస్ అన్నిటికంటే నమ్మకమైనది, ఏం పెట్టాలో తోచనప్పుడు అది పెట్టండి.

వెల్వియా పచ్చటి చోట్లకు పుట్టింది. కోనసీమ వరిచేలు, అరకు లోయ, వాన వెలిసిన మరుక్షణం ఉండే ఆకుపచ్చ, వీటికి దానికి సాటి లేదు. కానీ ఎరుపు దగ్గర జాగ్రత్త. ఎండలో ఆరబోసిన మిర్చి, కుంకుమ, ఎర్ర పట్టుచీర వెల్వియాలో తీస్తే రెడ్ ఛానల్ (ఫొటోలో ఎరుపు పాలు) నిండిపోయి చీర నేత, మిర్చి ముడతలు అన్నీ పోయి ఒట్టి ఎర్ర ముద్ద మిగులుతుంది. వెలుతురు పంపకాన్ని చూపే గ్రాఫ్ అయిన హిస్టోగ్రామ్‌లో ఎరుపు ఒక్కటి విడిగా చూసుకుని ఎక్స్‌పోజర్ తగ్గించుకోవాలి.

మన ఎండకు నేను చెప్పే సెట్టింగ్ ఇది: క్లాసిక్ నెగ్, డీఆర్400, హైలైట్ (వెలుగు భాగాలు) -1, షాడో (నీడలు) -1, కలర్ క్రోమ్ ఎఫెక్ట్ (ముదురు రంగులకు లోతు తెచ్చే సెట్టింగ్) వీక్, వైట్ బ్యాలెన్స్ డేలైట్. డీఆర్400 అంటే కెమెరా రెండు స్టాపులు తక్కువగా, అంటే నాలుగో వంతు వెలుతురుతో ఎక్స్‌పోజ్ చేసి, నీడలనీ మధ్య వెలుగులనీ మళ్లీ పైకి లేపుతుంది, దాంతో తెల్లటివి కాలిపోకుండా ఆగుతాయి. దీనికి సెన్సర్ సున్నితత్వాన్ని చెప్పే ఐఎస్‌ఓ కనీసం 500 ఉండాలి, ఎండలో షటర్ వేగం పెరిగిపోతుంది, అయినా చాలా వేగంగా పనిచేసే ఎలక్ట్రానిక్ షటర్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. గ్రెయిన్ పెట్టాలనుకుంటే వీక్, స్మాల్ చాలు. నలుపు తెలుపుకు యాక్రోస్ అనే సిమ్యులేషన్ వాడితే గ్రెయిన్ విడిగా పెట్టనక్కర్లేదు, ఐఎస్‌ఓ పెరిగేకొద్దీ దాని గ్రెయిన్ అదే మారుతుంది, ఈ కెమెరాలో నిజమైన ఫిల్మ్‌కు అన్నిటికంటే దగ్గరగా వచ్చింది నా దృష్టిలో అదే.

పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఒక మాట. కల్యాణ మండపాల్లో ఊదా, గులాబీ ఎల్ఈడీ లైట్లు వేస్తే ఏ సిమ్యులేషనూ కాపాడదు. అక్కడ రా ఫైల్ (రంగులు ఖరారు చేయని ముడి ఫైల్) కూడా తీసి పెట్టుకోండి, తర్వాత కెమెరాలోనే వేరే సిమ్యులేషన్‌కు మార్చుకోవచ్చు, లేదా ఫ్యూజీ సాఫ్ట్‌వేర్ ఎక్స్ రా స్టూడియోతో కేబుల్ కలిపి కంప్యూటర్‌లో చేసుకోవచ్చు. పైగా దీనికి కార్డు స్లాటు ఒక్కటే, వానకీ దుమ్ముకీ తట్టుకునే సీలింగ్ లేదు, కాబట్టి పెళ్లికి దీన్నే ముఖ్య కెమెరాగా నేను సిఫార్సు చేయను.

బాడీ ఒక్కటే లక్షకు పైన. అంత పెట్టలేనివాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్-టీ30 రెండో వెర్షన్ చూడండి, 2021లో వచ్చింది, అందులో క్లాసిక్ నెగ్ ఉంది, రియాలా ఏస్, ఆ డయల్ లేవు, బాడీలో స్టెబిలైజేషనూ లేదు. కొనేముందు అది రెండో వెర్షనో కాదో పేరు మీద సరిచూసుకోండి, మొదటి ఎక్స్-టీ30లో క్లాసిక్ నెగ్ రాలేదు.