సీజన్ మొదట్లో టోర్టోలాలో క్యాటమరాన్ అద్దె: ఐదుకి నాలుగు స్టార్లు

బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో చలికాలం సెయిలింగ్ నవంబర్‌లోనే మొదలైపోతుంది, తుఫాన్ల సీజన్ మాత్రం అధికారికంగా నవంబర్ 30 దాకా ఉంటుంది. మేము సరిగ్గా ఆ చివరి రోజుల్లోనే టోర్టోలా దీవిలో, పడవలు అద్దెకిచ్చే ఒక చార్టర్ కంపెనీ దగ్గర క్యాటమరాన్ (పక్కపక్కన రెండు పడవలు కలిపినట్టుండే తెరచాప పడవ) తీసుకున్నాం, కెప్టెన్ లేకుండా, మనమే నడుపుకునే పద్ధతిలో. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద చెప్పే ఇబ్బందుల్లో చాలావరకు ఆ నెలలో ఎవరి పడవ తీసుకున్నా ఎదురయ్యేవే. క్రిస్మస్ వారంతో పోలిస్తే అద్దె బాగా తక్కువ. డీజిల్, నీళ్లు, పడవ కట్టేసుకునే చోటుకిచ్చే మూరింగ్ డబ్బులు వేరే, అన్నీ అమెరికన్ డాలర్లలోనే.

ఈ పడవలు తుఫాన్ల కాలమంతా నెలల తరబడి కట్టేసి ఉంటాయి. తెరచాపలు దించేసి, ఎండకి కట్టే గుడ్డలన్నీ విప్పేసి, గాలికి పట్టు దొరక్కుండా ఉంచుతారు. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా తుఫాను వచ్చినప్పుడు పరాకీటా బేలో భద్రంగా దాచామనుకున్న పడవలు కూడా ఒకదాని మీద ఒకటి పడి ముక్కలయ్యాయి, కాబట్టి ఆ జాగ్రత్తని తప్పుపట్టడానికి లేదు. కానీ ఉప్పుగాలిలో కదలకుండా పడున్న ఇంజన్, రోజూ నడిచే ఇంజన్ కన్నా తొందరగా పాడవుతుంది. నవంబర్‌లో ఎక్కేవాళ్లకి దొరికేది అలా పడుకుని లేచిన పడవ. అందుకే ఫొటోల్లో ఎంత మెరుస్తోందని కాకుండా, అప్పగించే రోజు వాళ్లు మనతో ఎంతసేపు ఉంటారన్నది చూసుకోవాలి.

ఈ ఒక్క విషయంలో వీళ్లకి నూటికి నూరు మార్కులు. మాకు పడవ అప్పగించినావిడ రెండు ఇంజన్లూ స్టార్ట్ చేసి, మమ్మల్ని వెనక మెట్ల దగ్గరికి తీసుకెళ్లి, ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు ఎలా పడుతున్నాయో చూడమంది. ఎడమ వైపు దబదబా పడుతున్నాయి, కుడి వైపు సన్నగా, ఆగి ఆగి వస్తున్నాయి. వెంటనే ఇంజన్ ఆపించి, మెకానిక్‌ని పిలిచి పంపు మూత విప్పించింది. లోపల నీళ్లు తోడే చక్రం, అంటే ఇంపెల్లర్, దాని రబ్బరు రెక్కలు రెండు మొదలంటా తెగిపోయి ఉన్నాయి. నెలల తరబడి ఒకే పక్కకి ఒరిగి ఉంటే ఆ రబ్బరు అలాగే బిగుసుకుపోతుంది, మళ్లీ తిరగడం మొదలుపెట్టగానే విరుగుతుంది, ఇక ఇంజన్‌ని చల్లబరిచే సముద్రపు నీళ్లు సరిగా అందవు. కొత్తది వేసేసి చేతులు దులుపుకోలేదు, తెగిన ముక్కలు ముందుకెళ్లి ఇంజన్ వేడిని తీసే హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఇరుక్కుంటాయని వాటిని కూడా వెతికి బయటికి తీసి, పాత ఇంపెల్లర్‌కి ఆనించి చూసి, ఏ ముక్కా మిగల్లేదని తేల్చుకున్నాకే మూత బిగించారు. మాకు చాలా ఆలస్యమైంది, అయినా ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు.

ఇక ఇబ్బందులు. ఒడ్డుకి వెళ్లడానికిచ్చే చిన్న పడవ, డింగీ, దాని ఇంజన్ స్టార్ట్ అయ్యేది, యాక్సిలరేటర్ ఇవ్వగానే ఆగిపోయేది, పాత పెట్రోల్ కార్బురేటర్‌లో జిగురు కట్టేసింది. ముందు వైపు ఉండే జిబ్ తెరచాపని చుట్టే తాడు డ్రమ్ము దగ్గర పైపొర చిరిగి, లోపలి పీచు కనిపిస్తోంది. గాలి పెరిగినప్పుడు ఆ తాడు తెగితే తెరచాప మొత్తం ఒక్కసారిగా విచ్చుకుంటుంది, మా బావ అది చూసినప్పటి నుంచీ టెన్షన్ పడుతూనే ఉన్నాడు. ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే నార్మన్ ఐలాండ్‌కి, మేమున్న చోటికే, స్పీడ్ బోటులో వచ్చి తాడు మార్చి, డింగీకి వేరే ఇంజన్ తగిలించి వెళ్లారు. బ్యాటరీల సంగతి మాత్రం తేలలేదు. తెల్లారేసరికి ఫ్రిజ్ ఆగిపోయేది, చుట్టూ అందరూ నిద్రపోతుంటే మేము ఇంజన్ వేసుకోవాల్సి వచ్చేది. బ్యాటరీలు పాతబడ్డాయని వాళ్లే ఒప్పుకున్నారు కానీ మార్చలేదు. పోయిన స్టార్ అదే.

సెయిలింగ్ మాత్రం అద్భుతం! డ్రేక్ ఛానెల్‌కి ఉత్తరాన టోర్టోలా, దక్షిణాన నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్ దీవులు వరసగా అడ్డం ఉంటాయి, అట్లాంటిక్ పెద్ద అలలు లోపలికి రావు, ట్రేడ్ విండ్స్ అనే ఇక్కడి గాలులు మాత్రం తూర్పు నుంచి 15–20 నాట్ల (గంటకి సుమారు 28–37 కిలోమీటర్ల) వేగంతో నిలకడగా వస్తాయి. ఆటుపోట్ల తేడా చాలా తక్కువ. నీళ్లు 27 డిగ్రీల దగ్గర ఉంటాయి, పొద్దున్న లేవగానే దూకేయొచ్చు. తూర్పున ఉన్న వర్జిన్ గోర్డా దీవి వైపు వెళ్లడమంటే ఎదురుగాలే, క్యాటమరాన్ గాలికి ఎదురు బాగా వెళ్లదు, అందుకే మొదటి రోజు నార్మన్ వైపు తేలిగ్గా దిగి, పడవ అలవాటయ్యాక తూర్పుకి తిరగమని బ్రీఫింగ్‌లో చెప్పారు. చాలా మంచి సలహా. అమెరికా పద్ధతే కాబట్టి రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా (దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తు) కుడిచేతి వైపు ఉండాలి, యూరప్‌లో నేర్చుకున్నవాళ్లకి ఇది తలకిందులు.

ఉత్తరం నుంచి వచ్చే అలల గురించి మాత్రం బ్రీఫింగ్‌లో వాళ్లు ఇంకొంచెం చెప్పాల్సింది. చలికాలంలో ఎక్కడో దూరంగా పుట్టిన తుఫాను అలలు ఇక్కడ గాలి లేకపోయినా కేన్ గార్డెన్ బే లాంటి ఉత్తరపు తీరాలని కుదిపేస్తాయి, రాత్రి ఉండటానికి పనికిరావు. వర్జిన్ గోర్డాలో పెద్ద గుండ్రాళ్లుండే తీరం, బాత్స్, దగ్గర ఎర్ర జెండా ఉంటే నీళ్లలోకి దిగకూడదు. మేము వెళ్లిన మొదటిసారి ఎర్ర జెండానే, తర్వాత దిగే అవకాశం దొరికింది, ఆ గుండ్రాళ్ల మధ్య నడుచుకుంటూ వెళ్తుంటే మా పిల్లలకి మాటల్లేవు. అనెగడా దీవికి మాత్రం కంపెనీ పర్మిషన్ అడిగి వెళ్లాలి. మిగతా దీవుల్లా కొండ ఉండదు, పగడపు సున్నపురాయి దీవి, పది మీటర్ల ఎత్తు కూడా లేదు, దగ్గరికి వచ్చేదాకా కొబ్బరిచెట్లే కనిపిస్తాయి, పక్కన హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చేరుకుంటేనే నీళ్ల రంగు చూసి లోతు తెలుస్తుంది.

సాల్ట్ ఐలాండ్ దగ్గర ఆర్‌ఎంఎస్ రోన్ అనే బ్రిటిష్ తపాలా ఓడ మునిగిన చోట స్నార్కెల్ (ఊపిరి గొట్టం) వేసుకుని దిగాం. ఆ ఓడ 1867 అక్టోబర్ 29న తుఫానులో పోయింది. అక్టోబర్ చివర్లో చవగ్గా వస్తోందని ఎవరైనా ఆశపెడితే ఆ తేదీ గుర్తుంచుకోండి, నవంబర్ మూడో వారం దాకా ఆగండి. డిసెంబర్ చివరికొస్తే క్రిస్మస్ విండ్స్ అనే బలమైన గాలులు మొదలై వేగం 25 నాట్లు దాటుతుంది, పిల్లలతో అయితే కష్టం.

మళ్లీ వెళ్తే వీళ్ల దగ్గరే తీసుకుంటాను, కానీ బుక్ చేసే ముందు రెండు అడుగుతాను: ఈ సీజన్‌లో ఈ పడవ నాకన్నా ముందు ఎవరైనా తీసుకెళ్లారా, బ్యాటరీలు ఎప్పుడు మార్చారు.