బొగోరియా సరస్సు: ఆరింటికల్లా గేటు దగ్గర ఉండగలిగితేనే వెళ్లండి

కెన్యాలోని ఈ సరస్సుకి రెండుసార్లు వెళ్లాను. రెండు వేరే వేరే చోట్లు చూసినట్టే ఉంది.

మొదటిసారి నకూరు నగరంలో పొద్దున్నే టిఫిన్ తిని నింపాదిగా బయల్దేరి, మధ్యాహ్నం పన్నెండింటికి చేరాం. అక్కడి ఎండ నైరోబీ ఎండలా ఉండదు, సరస్సు 1,000 మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి చల్లగాలి అన్నమాటే లేదు, రాళ్లు కాలిపోతున్నాయి. వేడి నీటి బుగ్గల దగ్గర నిలబడితే ఆవిరి కూడా సరిగ్గా కనపడలేదు. నలభై నిమిషాల్లో నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేశాం. ఇంతేనా అనిపించింది. అప్పుడే రివ్యూ రాసి ఉంటే రెండు స్టార్లు ఇచ్చేవాడిని, అది చాలా అన్యాయం అయ్యేది.

రెండోసారి మా అమ్మని తీసుకెళ్లాను. సరస్సుకి దగ్గర్లోని ఊరు మరిగాట్‌లో ఒక చిన్న లాడ్జిలో రాత్రి ఉండి, చీకటితోనే లేచి, ఆరింటికి రిజర్వ్ గేటు దగ్గర ఉన్నాం. తేడా అంతా అక్కడే ఉంది. సరస్సుకి తూర్పున సిరాచో కొండ గోడలా నిలబడి ఉంటుంది, అందుకని తెల్లారినా సూర్యుడు కొండ దాటి పైకి రావడానికి ఇంకా టైమ్ పడుతుంది, ఆ చల్లదనంలో పడమటి ఒడ్డున లోబురు దగ్గర నేలంతా పొగలు కక్కుతోంది. ఒక చోట కాదు, కంటికి కనిపించినంత మేరా తెల్లటి ఆవిరి. మధ్యలో అప్పుడప్పుడు ఒక బుగ్గ గుడగుడమని శబ్దం చేసి మనిషి ఎత్తు దాటి నీళ్లు ఎగజిమ్ముతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలెడుతుంది. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పెళ్లింట్లో ఎసరు మరుగుతున్నట్టుందిరా" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఈ నీళ్లు ఎక్కడివంటే, వాన నీరు భూమిలోకి ఇంకి, రిఫ్ట్ వ్యాలీ (భూమి చీలి ఏర్పడిన పెద్ద లోయ) అడుగున ఉన్న వేడి రాతి దాకా దిగి, అక్కడ కాగి పగుళ్లలోంచి పైకి తన్నుకొస్తుంది. ఆ ఎత్తులో నీళ్లు 100 డిగ్రీల దాకా పోనక్కర్లేదు, 97 దగ్గరే మరిగిపోతాయి, ఇక్కడి బుగ్గల్లో కొన్ని సరిగ్గా అంత వేడిగానే ఉన్నాయి. స్వాహిలీలో వీటిని మాజి మోటో అంటారు, అంటే వేడి నీళ్లు అనే. చాలామంది గుడ్లు, మొక్కజొన్న కంకులు తెచ్చి ఉడకబెట్టుకుంటారు. మేమూ గుడ్లు గుడ్డలో మూటకట్టి కర్రకి వేలాడదీసి ఉడికించాం, అమ్మకి అది పిచ్చిపిచ్చిగా నచ్చింది. కానీ దయచేసి పెంకులు, కవర్లు సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేయండి. మేం వెళ్లినప్పుడు ఒక బుగ్గ పక్కన నల్లగా మాడిన ప్లాస్టిక్ చూసి నాకు నిజంగా కడుపు మండింది.

ఇంకోటి, ఇది సీరియస్‌గా చెబుతున్నా. బుగ్గల చుట్టూ ఉన్న తెల్లటి పొర గట్టి నేలలా కనిపిస్తుంది, కానీ కొన్ని చోట్ల అది పల్చటి పెంకు, కింద మరిగే నీళ్లు. కాలు దిగబడితే తోలు ఊడి వస్తుంది. పిల్లలు ఉంటే చెయ్యి వదలొద్దు, ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడవొద్దు.

ఇప్పుడు పక్షుల సంగతి. లక్షల ఫ్లెమింగోలు గులాబీ రంగు తివాచీలా పరుచుకున్న ఫొటోలు చూసి వెళ్తారు అందరూ. అవి నిజమే, కొన్నేళ్లు ఇక్కడ పది లక్షలకి పైగా చేరాయి, కానీ మీరు వెళ్లిన రోజు ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. వాటి తిండి స్పిరులినా. అది ఉప్పు, సోడా బాగా ఉన్న నీళ్లలో పెరిగే సన్నటి పచ్చటి నాచు లాంటిది. వానలు ఎక్కువై నీరు పలచబడితే అది తగ్గిపోతుంది, అప్పుడు అవి రాత్రికి రాత్రే నకూరు సరస్సుకో ఎలిమెంటైటా సరస్సుకో ఎగిరిపోతాయి. పిల్లల్ని కనడానికైతే టాంజానియాలోని నేట్రాన్ సరస్సుకే పోతాయి. మేం చూసినవి కొన్ని వేలు ఉంటాయేమో. చాలు, నాకైతే బాగా చాలు. తలకిందులుగా ముక్కు నీళ్లలో పెట్టి వడకట్టుకుంటూ అన్నీ ఒకే వైపు నడుస్తుంటాయి, గుంపంతా కలిసి ఏదో గొణుక్కుంటున్నట్టు ఒక సణుగుడు. మంచినీళ్ల వాగు సరస్సులో కలిసే చోట నిలబడండి, తాగడానికీ రెక్కలు కడుక్కోవడానికీ అక్కడికే వస్తాయి.

ఆ సణుగుడు ఒక్కసారిగా ఆగింది. గైడ్ చెయ్యి పైకెత్తి చూపించాడు: తెల్ల తల గద్ద, ఫిష్ ఈగిల్. ఈ సరస్సులో చేపలు బతకవు, అందుకని చేపలు పట్టే గద్ద ఇక్కడ ఫ్లెమింగోలని వేటాడుతుంది. అది కిందికి వాలగానే వేల పక్షులు ఒకేసారి లేచాయి, రెక్కల కింద ఎరుపూ నలుపూ అంతా ఒకేసారి తెరుచుకుంది. ఈసారి గద్దకి ఏమీ దొరకలేదు. అమ్మ దండం పెట్టుకుంది.

గైడ్‌ని తప్పకుండా పెట్టుకోండి, డబ్బు ముందే మాట్లాడుకోండి, ఎంపెసాలో (ఫోన్‌తో డబ్బు పంపే పద్ధతి) ఇచ్చేయొచ్చు. మాతో వచ్చిన కుర్రాడు ఎండొరోయిస్ తెగ వాడు. ఈ సరస్సు వాళ్లకి పవిత్రమైనది, వాళ్ల పశువులు ఇక్కడి ఉప్పు నేలలు నాకే పెరిగాయి. 1970లలో రిజర్వ్ కోసం వాళ్లని ఇక్కడి నుంచి ఖాళీ చేయించారు. వాళ్లు ఊరుకోలేదు, ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లారు, 2010లో తీర్పు వాళ్ల పక్షాన వచ్చింది. ఆ మరుసటి ఏడాదే యునెస్కో ఈ సరస్సుని ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. తాతగారి పశువుల దొడ్డి ఎక్కడుండేదో వేలు పెట్టి చూపించాడు, అక్కడ ఇప్పుడు నీళ్లున్నాయి. ఇది వినకుండా ఆవిరి మాత్రం చూసి వచ్చేస్తే సగమే చూసినట్టు.

నీళ్లు ఉన్నాయి అన్నాను కదా. గత పదిహేనేళ్లలో రిఫ్ట్ వ్యాలీ సరస్సులు చాలావరకు పెరిగాయి, 2020 వచ్చేసరికి ఇక్కడ ఒడ్డున ఉన్న కట్టడాలు, పాత రోడ్డులో కొంత భాగం, కొన్ని బుగ్గలు కూడా మునిగిపోయాయి. పాత బ్లాగులు చూసి మ్యాప్ గీసుకుని వెళ్తే కుదరదు. సరస్సు మధ్యలో మొండి చెట్లు నిలబడి ఉంటాయి, చూస్తే మనసు అదోలా అవుతుంది.

నాకు చిరాకు తెప్పించింది ఒక్కటే, అది సరస్సు తప్పు కాదు. నైరోబీలో కారు మాట్లాడిన ట్రావెల్స్ వాళ్లు ఫోర్ బై ఫోర్ అని చెప్పి, తీరా నేల తగిలే వ్యాన్ పంపారు. బుగ్గల దాకా ఫర్వాలేదు, దక్షిణం వైపు దారి మాత్రం రాళ్లూ గుంతలూ, డ్రైవర్ సగంలోనే ఆపేశాడు. పెద్ద కొమ్ముల కూడూ జింకలు అటే ఎక్కువట, మాకు కుందేలంత డిక్‌డిక్‌లు తప్ప కనపడలేదు. బండి ఫొటో ముందే అడగండి.

తిండి, నీళ్లు మరిగాట్‌లోనే కొనుక్కోండి. పదకొండింటికి ఎండ ముదిరాక అక్కడ ఉండి లాభం లేదు, మేం ఉత్తరాన బారింగో సరస్సుకి పోయి పడవెక్కాం, దారి పక్కన సీసాల్లో అమ్మే తేనె కొన్నాం, చాలా బావుంది.

నకూరు నుంచి మరిగాట్ సుమారు వంద కిలోమీటర్లు, తారు రోడ్డే, మొగోటియో దగ్గర భూమధ్యరేఖ బోర్డు వస్తుంది, అక్కడ ఐదు నిమిషాలు చాలు. అమ్మ మళ్లీ డిసెంబర్‌లో వస్తోంది. ఈసారి దక్షిణం ఒడ్డు దాకా పోవాలని అసలైన ఫోర్ బై ఫోర్ ఇప్పటికే మాట్లాడేశాను, గుడ్ల కోసం చిన్న వల సంచి కూడా కొన్నాను.