కథ చెప్పాలా, పని చెప్పాలా?

నలుగురికీ పెట్టి తినడం పిల్లలకు ఎలా అలవాటవుతుంది? మా కోనసీమలో చిన్న పిల్లల తల్లులు ఇద్దరు కలిస్తే ఈ మాట రాక మానదు. పెట్టినవాళ్ల కథ చెప్పి నేర్పాలా, ఇచ్చే పని వాళ్ల చేతే చేయించి నేర్పాలా?

ఖర్చు: కథకు పైసా అక్కర్లేదు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి (1841–1909) కథ ఉండనే ఉంది. 2024లో మన సర్కారు బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు కాబట్టి పిల్లలు ఇట్టే అందుకుంటారు. పనికైతే కాస్త మజ్జిగ ఒలుకుతుంది, అంతే.

శ్రమ: కథ పది నిమిషాల్లో అయిపోతుంది. పని అలా కాదు. కొబ్బరి దింపు రోజున దింపువాళ్లకు మజ్జిగ ఇచ్చి రమ్మంటే మా ఐదేళ్లవాడు అరుగు దాటేలోపే సగం తాగేశాడు. మళ్లీ పోసి, వెనకాలే నడిచాను. మూడోసారికి గానీ గ్లాసు నిండుగా చేరలేదు. కానీ ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా వాడే ముందు మంచినీళ్లకు పరిగెత్తాడు. ఏ కథా నాకు ఇంత చేసిపెట్టలేదు.

రిస్క్: “ఆవిడ పెట్టిందిగా, నేనెందుకు?” అని కథ దగ్గరే ఆగిపోవచ్చు. పని చేసిన ప్రతిసారీ చాక్లెట్ ఇస్తే, చాక్లెట్ లేని రోజు పని కూడా ఉండదు.

మూడు నాలుగేళ్ల వాళ్లకు, వచ్చేపోయేవాళ్లున్న ఇంట్లో పనే మేలు. ఆరేళ్లు దాటి “ఎందుకు?” అని అడిగేవాళ్లకు, మనిషి గుమ్మం తొక్కని ఫ్లాట్‌లో పెరిగేవాళ్లకు కథతో మొదలుపెట్టండి.